రెండు పక్షాల దీపాలు

(ద్రాక్షారామంలో చేసిన స్మారకోపన్యాసం పూర్తి పాఠం)

 

మాస్టారి పేరు మీద మాట్లాడమని పిలిచినప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది ఒక మధ్యాహ్నం. మేం ఎనిమిదో తరగతిలో ఉన్నాం. పాఠం ఆపేసి మమ్మల్నందర్నీ భీమేశ్వరుడి గుడికి నడిపించుకొచ్చారు. దర్శనం అయ్యాక ప్రాకారం దగ్గర ఒక స్తంభం ముందు నిలబెట్టారు. దాని నిండా అక్షరాలు. అవి తెలుగేనని ఆయన చెబితేగానీ తెలియలేదు. వేలితో ఒక్కో అక్షరం తడుముతూ చదివారు. తర్వాత మాతో అన్నమాట ఇది: "రాజు పేరు పెద్దగానే ఉంటుంది, అదెవరికైనా కనబడుతుంది. మీరు దీపం పెట్టిన మనిషి పేరు వెతకండి."

ఆ మాట పట్టుకునే ఇవాళ మాట్లాడతాను. నా విషయం అన్నదమ్ముల యుద్ధాల్లో కాలిబంటు. పరాయి రాజ్యం మీదికి దండెత్తినప్పుడు సైనికుడికి శత్రువెవరో తెలుస్తుంది. ఒకే ఇంటివాళ్ళు రెండు పక్షాలైనప్పుడు అతను ముందుగా తేల్చుకోవలసింది ఒకటే: నేనెవరి తరఫున? జీతానికో, మాటకో, ఊరికోసమో, పౌరుషానికో ఒక పక్కకు చేరతాడు. ఆ చేరిక దగ్గరే అతని చరిత్ర మొదలవుతుంది. మన చరిత్ర పుస్తకాలు మాత్రం యుద్ధం ముగిసిన చోట మొదలుపెట్టి గెలిచిన రాజు పేరుతో పూర్తిచేస్తాయి.

పేర్ల పట్టీ

కాలిబంట్ల పేర్లు రాసిపెట్టుకున్న ఒక అన్నదమ్ముల యుద్ధాన్ని ముందు చూద్దాం. అమెరికాలో 1861లో అంతర్యుద్ధం మొదలైంది. ఏప్రిల్‌లో అధ్యక్షుడు లింకన్ 75,000 మంది కావాలని రాష్ట్రాలను కోరాడు. రైతులు, బడిపంతుళ్ళు, కమ్మరులు, గుమాస్తాలు ఊరూరా సంతకాలు చేశారు. ఒక్కో కంపెనీకి నూరుమంది చొప్పున పది కంపెనీలు కలిస్తే ఒక రెజిమెంటు. తరచూ ఒక కంపెనీ అంతా ఒకే తాలూకా వాళ్ళు. చేరిన ప్రతి మనిషి పేరు, వయసు, ఎత్తు, కళ్ళ రంగు, పుట్టిన చోటు, చేసే పని ఒక పట్టీలో రాశారు. అలాంటి రెజిమెంట్లలో మొదటి మిన్నెసోటా ఒకటి. 1863 జులై 2న గెటిస్‌బర్గ్ దగ్గర శత్రువును కొన్ని నిమిషాలు నిలిపి ఉంచమని ఆజ్ఞ వచ్చింది. 262 మంది శత్రువు మీదికి పరుగెత్తారు. 215 మంది చనిపోయో, గాయపడో అక్కడే పడిపోయారని ఆ రెజిమెంటు లెక్క. ఆ పట్టీ ఉండబట్టే ఇవాళ వాళ్ళ మునిమనవలు తమ తాత ఎత్తెంతో, కళ్ళు ఏ రంగో చెప్పగలుగుతున్నారు.

అదే యుద్ధంలో యాభై నాలుగో మసాచుసెట్స్ రెజిమెంటు ఉంది. అందులో సైనికులంతా నల్లజాతివాళ్ళు. తెల్ల సైనికుడికి నెలకు 13 డాలర్లు ఇస్తే వీళ్ళకు 10 డాలర్లు అన్నారు. అందులోనూ బట్టల కింద 3 డాలర్లు మినహాయింపు. వీళ్ళేం చేశారో తెలుసా? ఆ జీతం ముట్టం అన్నారు. ఏడాదిన్నర పాటు జీతం లేకుండా పోరాడారు. 1863 జులై 18న వాగ్నర్ కోట మీదికి వెళ్ళి ఎంతోమందిని పోగొట్టుకున్నారు. ఆ జీతం గొడవ 1864 జూన్‌లో గానీ తేలలేదు. వాళ్ళడిగింది డాలర్లు కాదని వేరే చెప్పక్కర్లేదు. ఈ విషయం మనసులో ఉంచుకోండి. కాసేపట్లో పల్నాడు వెళ్ళినప్పుడు మళ్ళీ పనికొస్తుంది.

మన దగ్గర అలాంటి పట్టీ లేదు. దాని బదులు ఏముందో చూద్దాం.

వేంగి ఇంటి తగాదా

మన గోదావరి, కృష్ణల మధ్య నేల నాలుగు వందల ఏళ్ళకు పైగా వేంగి చాళుక్యులది. ఆ వంశమే ఒక అన్నదమ్ముల పంపకంతో మొదలైంది. బాదామి నుంచి రెండో పులకేశి ఈ నేల గెలిచి తమ్ముడు కుబ్జ విష్ణువర్ధనుడికి అప్పగించాడు. ఆ తర్వాత వేంగి సింహాసనం తగాదా లేకుండా తరం దాటిన సందర్భాలు తక్కువ.

తొమ్మిదో శతాబ్దంలో రెండో విజయాదిత్యుడికి సొంత తమ్ముడు భీమ సలుకే ఎదురు తిరిగాడు. రాష్ట్రకూటులు తమ్ముడికి అండగా నిలిచారు. అన్న పన్నెండేళ్ళపాటు రాత్రింబగళ్ళు 108 యుద్ధాలు చేశాడని ఆ వంశపు రాగిరేకులు చెబుతాయి. తర్వాత అంతే సంఖ్యలో శివాలయాలు కట్టించాడు. యుద్ధానికొక గుడి! నేను ఆ లెక్క చదివినప్పుడల్లా ఆగిపోతాను. గెలిచినవాడికి ఒక్క గుడి చాలు కదా, 108 ఎందుకు? తన రక్తమే అవతలి పక్కన ఉన్న యుద్ధాలను ఆయన ఒక్కటొక్కటిగా లెక్కపెట్టుకున్నాడని నాకనిపిస్తుంది. ఆ 108 యుద్ధాల్లో ఒక్క కాలిబంటు పేరూ మనకు దక్కలేదు.

పదో శతాబ్దంలో సంగతి ఇంకా ముదిరింది. 973లో వేంగి రాజు దానార్ణవుడు చనిపోయాక జటాచోడ భీముడు రాజ్యం పట్టుకున్నాడు. తర్వాతి ఇరవై ఏడేళ్ళను చాళుక్యుల రాగిరేకులు రాజులేని కాలంగా లెక్కవేశాయి. దానార్ణవుడి కొడుకులు తంజావూరు చేరి రాజరాజ చోళుడి సాయంతో 999 ప్రాంతంలో తిరిగొచ్చారు. సాయంతోపాటు సంబంధమూ కలిసింది. రాజరాజ చోళుడి కూతురు కుందవ్వ ఆ కొడుకుల్లో ఒకడైన విమలాదిత్యుడి ఇల్లాలైంది. వాళ్ళ కొడుకే రాజమహేంద్రవరంలో నన్నయచేత భారతం మొదలుపెట్టించిన రాజరాజ నరేంద్రుడు.

నరేంద్రుడికి తండ్రి రాజ్యం సులువుగా దక్కలేదు. సవతి తమ్ముడు విజయాదిత్యుడు పోటీకి వచ్చాడు. అతని వెనక కళ్యాణి చాళుక్యులు, నరేంద్రుడి వెనక మేనమామ రాజేంద్ర చోళుడు. 1022 ఆగస్టు 16న పట్టాభిషేకం జరిగినా తగాదా ఆగలేదు. భారతం రాయించిన రాజు ఇంట్లోనే భారతం నడిచింది.

కొల్లేటికి దక్షిణాన కైకలూరు దగ్గర కలిదిండి ఉంది. ఆ యుద్ధాల్లో ఒకటి అక్కడ జరిగింది. మేనల్లుడి కోసం రాజేంద్ర చోళుడు పంపిన సేనానులు ముగ్గురు అక్కడే ప్రాణాలు విడిచారు. రాజరాజ బ్రహ్మమహారాజు, ఉత్తమ చోళ చోడగోను, ఉత్తమ చోళ మిలాడుడైయాన్. కావేరి నుంచి వచ్చి కృష్ణా డెల్టా బురదలో పడిపోయిన ఆ ముగ్గురి జ్ఞాపకంగా రాజరాజ నరేంద్రుడు అక్కడ మూడు శివాలయాలు ఎత్తించి, కలిదిండి దానశాసనంలో వాళ్ళ పేర్లు రాయించాడు. తన కోసం చనిపోయిన పరాయి నేల మనుషులను పేరు పేరునా తలుచుకున్న రాజు కృతజ్ఞత అది. ఆయన మీద గౌరవంతోనే అడుగుతున్నాను: ఆ ముగ్గురి వెనక ఎందరు నడిచారు? వాళ్ళు ఏ ఊళ్ళవాళ్ళు? ఎదుటి పక్షాన విజయాదిత్యుడి కోసం పడిపోయిన తెలుగు బంట్లకు ఎవరు దీపం పెట్టారు?

మాట ఇచ్చినవాళ్ళు

ఆ రోజుల్లో మనిషి సైన్యంలో చేరడానికి దారులు అనేకం. సామంతుడు పంపితే వెళ్ళేవాళ్ళున్నారు. కూలికి వెళ్ళేవాళ్ళున్నారు. మరోరకం మాట ఇచ్చి వెళ్ళేవాళ్ళు. కాకతీయుల కాలపు శాసనాల్లో లెంక అనే మాట పేర్ల చివర కనబడుతుంది. బతికినా చచ్చినా దొరతోనే అని ఒప్పుకున్నవాడు లెంక. ఆ మాట ఉత్తరాంధ్రలో ఇప్పటికీ ఇంటిపేరుగా ఉంది.

తమిళదేశంలో ఇలాంటివాళ్ళను వేళైక్కారర్ అన్నారు. వాళ్ళలో కొందరు శ్రీలంక రాజుల కొలువులో ఉన్నారు. అక్కడి పొలొన్నరువలో పన్నెండో శతాబ్దపు తొలినాళ్ళ తమిళ శాసనం ఒకటుంది. బుద్ధుడి దంతధాతువు ఉన్న ఆలయాన్ని తమ వంశం ఉన్నంతకాలం, ప్రాణం పోయినా సరే కాపాడతామని వేళైక్కార దళాలన్నీ కలిసి రాయించిన ఒప్పందం అది. సంతకం పెట్టిన దళాల పేర్లలో వడుగర్ అని ఒకటుంది. వడుగులంటే ఉత్తరం నుంచి వెళ్ళినవాళ్ళు, మనవాళ్ళు. సముద్రం దాటి, బౌద్ధుల గుడికి, తమిళ లిపిలో మాట ఇచ్చిన తెలుగు బంట్లు!

ఆ దళాల చరిత్రలో ఇంకొక ఘట్టం నన్ను వదలదు. అంతకు కొంతకాలం ముందు విజయబాహు రాజు వాళ్ళను చోళుల మీదికి నడవమన్నాడు. సొంతవాళ్ళ మీద కత్తి ఎత్తం అని వాళ్ళు తిరగబడి రాజభవనాన్ని తగలబెట్టారు. రాజు ఆ తిరుగుబాటును క్రూరంగా అణిచాడు. బంటు మాట ఇస్తాడు, ఆ మాటకు ఒక హద్దూ గీసుకుంటాడు. ఆ హద్దు ఎక్కడుందో తెలుసుకోవడానికి మాత్రం అతన్ని ఎవరూ ముందుగా అడగరు.

పల్నాడు

ఇక మన తెలుగువాళ్ళ అసలు అన్నదమ్ముల యుద్ధానికి వద్దాం. పన్నెండో శతాబ్దం చివర పల్నాటిలో అనుగురాజు కొడుకులు రెండు పక్షాలయ్యారు. గురజాలలో నలగామరాజు, మాచెర్లలో మలిదేవుడు. ఒకరి వెనక నాయకురాలు నాగమ్మ, ఇంకొకరి వెనక బ్రహ్మనాయుడు. కోడిపందెం, ఏడేళ్ళ వలస, రాయబారం వెళ్ళిన అలరాజు చావు, చివరికి నాగులేటి ఒడ్డున కారెంపూడి యుద్ధం. కథ మీకందరికీ తెలుసు. ద్విపదగా దాన్ని రాసింది శ్రీనాథుడని చెబుతారు. ద్రాక్షారామం మీద భీమేశ్వర పురాణం రాసిన ఆ శ్రీనాథుడే. మన గుడి, కారెంపూడి ఆ విధంగా ఒకే కవి పేరు మీద కలిశాయి.

నన్ను ఆ కథలో కట్టిపడేసేది రాజుల పంతం కాదు, బ్రహ్మనాయుడి వెనక ఎవరు చేరారన్నది. చాపకూడు మాట మీరు వినే ఉంటారు. ఒకే చాప మీద అన్ని కులాలవాళ్ళూ కలిసి తిన్న కూడు. ఆ బంతిలో తిన్నవాళ్ళే ఆ సైన్యం. మాల కులంలో పుట్టిన కన్నమదాసును బ్రహ్మనాయుడు కొడుకులా పెంచి సేనానిని చేశాడు. బ్రహ్మనాయుడి కొడుకు బాలచంద్రుడి జట్టులో కుమ్మరి, కమ్మరి, చాకలి, మంగలి, కంసాలి, వెలమ, బ్రాహ్మణ పిల్లలు అన్నదమ్ములుగా ఉన్నారు. ఎవరి తండ్రి ఏ పని చేస్తాడో ఆ పేరుతోనే కథ వాళ్ళను పిలుస్తుంది. అమెరికా పట్టీలో చేసే పని అని ఒక గడి ఉందన్నాను కదా. ఆ గడిని మన కథకులు నోటిమాటగా నింపారు.

యాభై నాలుగో మసాచుసెట్స్ వాళ్ళను ఇక్కడ తలుచుకోండి. కన్నమదాసు ఏ జీతానికీ ఆ కత్తి పట్టలేదు. పక్కన కూర్చోబెట్టి అన్నం పెట్టినవాళ్ళ కోసం పట్టాడు. బంతిలో చోటు దొరికినవాడు యుద్ధంలో ముందు వరస అడిగాడు. ఎనిమిది వందల ఏళ్ళు దాటినా ఆ కథను పాడుతున్నది మాల కులపు వీరవిద్యావంతులే. అమెరికా నుంచి వచ్చిన జీన్ రోఘైర్ వాళ్ళ నోట ఆ కథ విని రికార్డు చేసి 1982లో పుస్తకంగా వేశాడు. మనం విద్య అన్నదాంట్లో వాళ్ళ విద్యకు చోటివ్వడానికి ఇంకా తటపటాయిస్తున్నామే, అది నాకు బాధగా ఉంటుంది.

బాలచంద్రుడి జట్టులోని బ్రాహ్మణ కుర్రవాడి పేరు అనపోతు. బ్రాహ్మణుణ్ణి చావుకు తీసుకెళ్ళిన పాపం తనకు వద్దని బాలచంద్రుడు అతన్ని ఏదో సాకుతో వెనక్కి పంపేస్తాడు. సంగతి తెలిశాక అనపోతు ప్రాణం తీసుకుంటాడు. చిన్నప్పుడు ఈ ఘట్టం విని ఏడ్చాను. పెద్దయ్యాక వేరేగా అర్థమైంది. అందరితో సమానంగా తిన్న చాప నుంచి, పుట్టుక కారణం చూపించి, ఒకణ్ణి లేపేశారు. అది గౌరవమే అయినా అతనికి అవమానంగానే తగిలింది. కలిసి చావడానికి కూడా పేరు పట్టీలో ఉండాలి. అనపోతు పేరును కొట్టేశారు.

ఏటా కార్తీక అమావాస్యకు కారెంపూడిలో వీరుల పండగ మొదలవుతుంది. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని ఐదు రోజులు. ఆ వీరుల వంశాలవాళ్ళు కొణతాలు, అంటే వీరుల ఆయుధాలు, ఎత్తుకుని వస్తారు. వాటికి నాగులేట్లో స్నానం చేయిస్తారు. నేను ఒక ఏడాది వెళ్ళాను. తలపాగా చుట్టుకున్న ఒక ముసలాయన కొణతాన్ని భుజాన పెట్టుకుని ఏట్లో మోకాటి లోతు నీళ్ళలో నిలబడ్డాడు. పక్కనున్న మనవడికి అది పట్టుకునే తీరు చూపిస్తున్నాడు. బరువు ఎక్కడ మోయాలో, మొన ఎటు ఉండాలో. ఇదే మన రెజిమెంటు చరిత్ర అనిపించింది నాకు. కాగితం లేని చోట భుజం మీద రాసుకున్నారు.

దగ్గరి ఊరు

ఇదంతా పాతకాలపు సంగతి అనుకోకండి. తాడేపల్లిగూడెం అవతల మాధవరం అనే ఊరుంది. జనం మిలిటరీ మాధవరం అంటారు. మొదటి ప్రపంచయుద్ధం నాటి నుంచి ఆ ఊరి నుంచి తరతరాలుగా సైన్యంలో చేరుతూనే ఉన్నారు. ఎవరూ బలవంతం చేయలేదు. నాన్న వెళ్ళాడు కాబట్టి కొడుకు వెళ్ళాడు. వాళ్ళకు రెజిమెంటు ఉంది, నంబరు ఉంది, పింఛను కాగితం ఉంది. వాళ్ళను తలుచుకోవడానికి ఊళ్ళోనే చోటుంది. మన ప్రాంతంలో కాలిబంటుకు పేరు దక్కిన ఊరు అది. కలిదిండిలో ఆ ముగ్గురి వెనక నడిచినవాళ్ళకు దక్కనిది ఇదే.

పేరు దక్కడం ఒకటి, విడిపోయిన పక్షాలు మళ్ళీ కలవడం ఇంకొకటి. 1913లో గెటిస్‌బర్గ్ యుద్ధానికి యాభై ఏళ్ళు నిండినప్పుడు రెండు పక్షాల ముసలి సైనికులు యాభై వేల మందికి పైగా అక్కడ కలుసుకున్నారు. ఒకప్పుడు తుపాకులు గురిపెట్టుకున్న గోడ మీదుగా చేతులు చాపి పట్టుకున్నారు. మనకు అలాంటి కలయిక జరగలేదనిపిస్తుంది. జరిగింది. ఈ గుళ్ళోనే జరిగింది.

గుడి గోడలు

ద్రాక్షారామం శాసనాలు దక్షిణ భారత శాసనాల నాలుగో సంపుటంలో అచ్చయ్యాయి. ఓపికగా తిరగేస్తే అవి ఎక్కువగా ఒకే పాట పాడతాయి. ఫలానా ఏడు, ఫలానా పుణ్యకాలం, ఫలానావారు భీమేశ్వరుడికి అఖండదీపం పెట్టారు. దాని కోసం ఇన్ని గొర్రెలనో ఆవులనో ఇచ్చారు. వాటిని ఫలానా బోయడు తీసుకుని, తానూ తన బిడ్డలూ రోజూ మానెడు నెయ్యి పోస్తామని ఒప్పుకున్నాడు. దీపం పెట్టినవాళ్ళలో రాణులున్నారు, మంత్రులున్నారు, వర్తకులున్నారు, దండనాయకులున్నారు, వాళ్ళ కొలువులోని బంట్లున్నారు.

ఇప్పుడు తేదీలు చూడండి. రాజరాజ నరేంద్రుడి కొడుకు 1070లో కులోత్తుంగుడిగా చోళ సింహాసనం ఎక్కాడు. ఎన్నో శాసనాల్లో ఆయన పాలనా సంవత్సరాలే కనబడతాయి. ఆయన చివరి రోజుల్లో వేంగి కొంతకాలం కళ్యాణి చాళుక్యుల చేతికి పోయింది. ఆ ఏళ్ళలో ఇదే గుళ్ళో రాయించిన శాసనాలకు వాళ్ళ చాళుక్య విక్రమ శకం వేశారు. తర్వాత వెలనాటి చోళుల పేర్లు వస్తాయి. కలిదిండిలో ఒకరినొకరు చంపుకున్న రెండు పక్షాల వారసులూ ఇక్కడికొచ్చి, ఒకే సప్తగోదావరిలో స్నానం చేసి, ఒకే దేవుడికి దీపం పెట్టారు. రాజ్యం చేతులు మారినా పాతవాళ్ళ దీపాల శాసనాలు నిలిచాయి. అవి అలాగే ఉన్నాయి, మీరు వెళ్ళి చూడొచ్చు.

అందుకే విద్యార్థులను ఒకటి అడుగుతున్నాను. మీ ఊరి పొలిమేరలో, చెరువు గట్టు మీద, రావిచెట్టు మొదట్లో కత్తి పట్టిన మనిషి బొమ్మ చెక్కిన రాయి కనబడితే అది వీరగల్లు. దానికి పసుపు రాస్తుంటే రాయనివ్వండి. కింద అక్షరాలుంటే ఫొటో తీయండి, చదివించండి. అక్షరాలు లేకపోతే ఊళ్ళో పెద్దవాళ్ళను ఆ మనిషి ఎవరని అడగండి, చెప్పింది చెప్పినట్టు రాసుకోండి. అతను ఏ పక్షమో తేల్చే తొందర పెట్టుకోవద్దు. ముందు పేరు దొరకనివ్వండి.

మాస్టారు చూపించిన ఆ స్తంభం దగ్గరికి పొద్దున మళ్ళీ వెళ్ళాను. దీపం పెట్టిన మనిషి పేరు ఇప్పుడు నాకు నేనుగా చదవగలిగాను. అతను ఏ రాజు మనిషో కూడా పక్కనే రాసి ఉంది. అవతలి రాజు మనిషి దీపం ఇంకో రాతి మీద ఉంది. నెయ్యి కొలత మాత్రం ఇద్దరికీ ఒక్కటే. మానెడు.